అయిదడుగుల ఆరంగుళాలు

ఓమ్నీ వ్యాన్ అనగానే మనలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నాప్ సీనే. హీరోయిన్ రోడ్డు పక్కన నడుస్తుంటుంది. వెనక నుంచి ఓమ్నీ వస్తుంది. పక్క డోర్ సర్రున జరుగుతుంది, రెండు చేతులు బయటికొస్తాయి. మా ఇంట్లో ఓమ్నీ ఉందని చెప్పిన రోజు నుంచి క్లాసులో నాకు ఏం పేరు పడిందో మీకు చెప్పక్కర్లేదు.

మా ఇంటి దగ్గర మాత్రం ఆ సర్రుమనే చప్పుడుకి అర్థం ఒక్కటే. నాన్న తిరనాళ్ల నుంచి వచ్చాడని.

మాది బందరు. పటంలో మచిలీపట్నం అని ఉంటుంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గురించి వినే ఉంటారు, మీ ఇళ్లల్లో కనీసం ఒక గొలుసైనా ఉండే ఉంటుంది. నాన్న ఆ నగలు టోకున కొని తిరనాళ్లలో కొట్టు పెట్టి అమ్ముతాడు. మోపిదేవి, పెనుగంచిప్రోలు, కోటప్పకొండ, ఇంకా చిన్నాచితకా ఊళ్లు కలిపి ఏడాదికి ఇరవై దాకా తిరుగుతాడు. ఒక్కో చోట రెండు మూడు రాత్రులు ఉండాలి. సరుకు వదిలేసి లాడ్జిలో పడుకోవడం కుదరదు. వ్యాన్ నిండా డబ్బాలే కాబట్టి అందులో చోటుండదు. కొట్టు వెనక నేల మీద టార్పాలిన్ పరుచుకుని పడుకుంటాడు, లేదంటే డ్రైవర్ సీట్లో కూర్చునే కునుకు తీస్తాడు. పదిహేనేళ్లుగా అంతే.

పోయిన ఏడాది వేసవిలో నాన్న నడుము పట్టేసింది. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోవాలి, కూర్చుని నిద్రపోవడం మానేయాలి అన్నారు. నాన్న తలూపాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "తిరనాళ్లలో గట్టి పరుపు ఎవడేస్తాడే" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

అదే సమయంలో ఇంకో సంగతి తెలిసింది. మా ఓమ్నీ 2010 డిసెంబర్‌లో కొన్నది. నాకప్పుడు నాలుగేళ్లు. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని ఆర్‌టీవో ఆఫీసులో చూపించి, ఫిట్‌గా ఉందంటే ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. అంటే మాకు 2025 డిసెంబర్ గడువు. బండి చూస్తే ఫ్లోర్‌లో రెండు చోట్ల కింద రోడ్డు కనిపిస్తోంది. వాన పడితే లోపల గొడుగు కావాలి. పాత ఇనుము వాడు 28 వేలు ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో నా హాస్టల్ ఫీజు కట్టేసి, తిరనాళ్లు మానేసి బందర్లోనే ఎవరి కొట్లోనో కూర్చుంటానని నాన్న నిర్ణయానికి వచ్చేశాడు. మాకొచ్చే డబ్బులో సగానికి పైగా తిరనాళ్లదే. అది పోతే మా ఇంటి లెక్క ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూశాను. బాలేదు.

ఆ రోజుల్లోనే యూట్యూబ్‌లో ఒక రకం వీడియోలకి అలవాటు పడ్డాను. అమెరికాలో పికప్ ట్రక్కు వెనక తొట్టిలో పెట్టుకునే చిన్న గది లాంటిది ఒకటుంటుంది. పాప్ అప్ క్యాంపర్ అంటారు. రోడ్డు మీద వెళ్లేటప్పుడు పైకప్పు కిందికి దిగి ఉంటుంది, ఆపాక పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలు వస్తాయి. ముప్పై నలభై ఏళ్ల నాటి క్యాంపర్లని చవగ్గా కొని, సొంత చేతులతో బాగుచేసుకుంటూ వీడియోలు తీస్తారు. నేను అవి సరదాగా చూడటం మొదలుపెట్టాను. చూడగా చూడగా ఒక సంగతి అర్థమైంది. ప్రతి వీడియోలోనూ మొదటి అరగంట ఒకటే కథ. పైకప్పు అతుకుల్లోంచి నీళ్లు కారడం, లోపలి చెక్క ఫ్రేము పుచ్చిపోవడం, అదంతా పీకి కొత్త చెక్క వేయడం. పరుపులూ కర్టెన్లూ ఆఖర్న. వాళ్లది చెక్క, మాది రేకు. వాళ్లకి పుచ్చు, మాకు తుప్పు. రెండు చోట్లా కారణం మాత్రం నీళ్లే.

తేడా ఇంకోటి కూడా ఉంది. వాళ్లు సెలవులకి కొండలూ అడవులూ చూడ్డానికి బండిలో పడుకుంటారు. నాన్న పని కోసం పడుకోవాలి. కానీ మనిషి కాళ్లు చాపుకోవడానికి కావాల్సిన పొడవు ఎక్కడైనా ఒకటే కదా. టేపు పట్టుకుని వ్యాన్లోకి ఎక్కాను. ముందు సీట్ల వెనక నుంచి డిక్కీ డోర్ వరకు అయిదడుగుల ఆరంగుళాలు. నాన్న ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు.

ఒక్క అంగుళం.

అమ్మ కట్టిన చీటీ డబ్బులు 60 వేలు ఉన్నాయి. అవి నా లాప్‌టాప్ కోసం అనుకున్నవి. అందులో 35 వేలు బండికి ఇవ్వమని అడిగాను. మిగతా దానితో ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కున్నా. (కోడ్ కంపైల్ చేసేటప్పుడు దాని ఫ్యాను చప్పుడు మా ఓమ్నీ ఇంజన్‌ని మించి వస్తుంది, నా రూమ్‌మేట్లని అడగండి.) నాన్న వారం రోజులు ఒప్పుకోలేదు. ఆఖరికి, "35 దాటి ఒక్క రూపాయి పెట్టినా బండి పాత ఇనుము కొట్టుకే" అన్న షరతు మీద ఊ అన్నాడు.

దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాం. టింకరింగ్ షెడ్డు బాబాయ్ నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు. మొదటి రోజు నాకు షెడ్డు బయట స్టూలు వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, "నిప్పురవ్వలు పడతాయి పాపా, అక్కడే కూర్చో" అన్నాడు. మూడో రోజుకి వైర్ బ్రష్ చేతిలో పెట్టాడు. అది నాకు ఇంటర్న్‌షిప్ ఆఫర్ వచ్చినంత ఆనందం.

ఫ్లోర్‌కి రేకు ఎప్పుడు వేస్తావు బాబాయ్ అని నేను తొందరపెడుతుంటే ఆయన ఒక మాటన్నాడు. "ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడు. అవి ఆపకుండా రేకేస్తే రెండేళ్లకి మళ్లీ నా దగ్గరికే వస్తారు. నాకు మంచిదేలే."

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడటం మనం చేసే డీబగ్గింగే. సీట్లు, మ్యాట్లు అన్నీ తీసేశాం. నేను టార్చి, చాక్‌పీసు పట్టుకుని లోపల కూర్చున్నా. నాన్న బయట నుంచి ఒక్కో చోట మగ్గుతో నీళ్లు పోస్తూ వచ్చాడు. ఒకేసారి బండంతా తడిపితే ఏ చుక్క ఎక్కడిదో తెలియదు. కాబట్టి కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగాలి. చుక్క కనిపించిన చోట చాక్‌పీసుతో గుర్తు. సాయంత్రానికి నాలుగు గుర్తులు పడ్డాయి. ముందు అద్దం కింద మూల బీడింగ్ పగిలింది. పైకప్పు పక్కన వాననీరు పారే గాడిలో అతుకు విడింది. డిక్కీ డోర్ రబ్బరు గట్టిపడి చీలిపోయింది. నాలుగోది పక్క డోర్ జరిగే కింది పట్టాలో. అక్కడ పదిహేనేళ్ల ఇసుక పేరుకుని, నీళ్లు బయటికి పోయే కంతలు పూడిపోయాయి. ఆ నీళ్లు పోయే దారి లేక లోపలికే వచ్చి, రబ్బరు మ్యాట్ కింద నిలిచాయి. పైన మ్యాట్ పొడిగానే కనిపిస్తుంది, కింద రేకు ఏడాది పొడవునా తడి. పైగా మాది సముద్రపు గాలి. ఉప్పు తోడైతే తుప్పుకి ఇంకేం కావాలి.

ఆ కంతలు తెరవడానికి అయిన ఖర్చు సున్నా. ఒక పాత సైకిల్ పుల్ల, అరగంట టైము. అద్దానికి, డిక్కీకి కొత్త బీడింగ్ వేశాం. పైన గాడిలో బాత్రూంలకి వాడే సిలికాన్ కొట్టేద్దామని నాన్న అంటే బాబాయ్ ఒప్పుకోలేదు. దాని మీద పెయింట్ నిలవదట. పెయింట్ పట్టే బాడీ సీలెంట్ వేశాడు.

తర్వాత తుప్పు. తుప్పు ఎంతవరకు ఉందో కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు తప్పుమంటుంది. పైకి అరచేయంత కనిపించిన తుప్పు, తట్టి చూస్తే అన్నం పళ్లెమంత ఉంది. దాని మీద లప్పం పెట్టి రంగేస్తే ఇన్‌స్పెక్షన్ దాకా కనబడదు, చాలామంది చేసేది అదే. బాబాయ్ మాత్రం గ్రైండర్‌తో మంచి రేకు వచ్చే వరకు కోసేశాడు. 20 గేజ్ షీటు ముక్క కత్తిరించి, వంచి, పెట్టి వెల్డింగ్ చేశాడు. ఒకే గీతలా వెల్డింగ్ చేస్తే వేడికి పల్చటి రేకు అప్పడంలా వంకర పోతుంది. అందుకని ఇక్కడో చుక్క, ఎదురుగా అక్కడో చుక్క, చల్లారాక మధ్యలో ఇంకో చుక్క. ఒక్క ఫ్లోర్‌కే మూడు రోజులు పట్టింది. దాని మీద ప్రైమర్, పెయింట్, అడుగున తుప్పు పట్టకుండా నల్లటి కోటింగ్. ప్రైమర్ మొత్తం నేనే వేశాను. నా గోళ్లకి ఆ ఎర్ర రంగు దీపావళి దాకా పోలేదు. చాసిస్ నంబర్ ఉన్న చోటుకి మాత్రం గ్రైండర్ చూపించలేదు. రెన్యువల్‌కి వెళ్తే ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీస్తారు.

ఇంజన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అదే మా అదృష్టం. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు సీట్ల కిందే ఉంటుంది. మారుతి 800లో ఉన్న ఇంజనే కాబట్టి పార్టులకి లోటు లేదు. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో వచ్చిన ఈ బండికి 1988లో ఓమ్నీ అని పేరు మార్చారు, 2019లో తయారీ ఆపేశారు. ఆపేసినా విజయవాడ ఆటోనగర్ ఉన్నంతకాలం ఓమ్నీ చావదని బాబాయ్ నమ్మకం. వెనక బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు అక్కడే తెచ్చాం. టైర్లు రెండే మార్చాం.

ఇంక మంచం. ఇక్కడ నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌ననే సంగతి కాస్త పనికొచ్చింది. మొదట అందరూ చెప్పింది వెనక సీటు పీకేసి, ఇనుప ఫ్రేము వెల్డింగ్ చేసేయమని. నేను చట్టం చదివాను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో అయిదు సీట్లు ఉంటే బండిలో అయిదు సీట్లు ఉండాలి. కాబట్టి మా మంచం బండిలో భాగం కాకూడదు, సామాను కావాలి. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి మూడు ముక్కలు కోయించాం. వెనక సీటు ముందుకు మడిచి, ముక్కలు వాటి కాళ్ల మీద నిలబెట్టి, స్ట్రాపులతో బిగిస్తాం. ఒక్క బోల్టు కూడా బండిలోకి దిగలేదు. అయిదు నిమిషాల్లో విప్పేయొచ్చు. మంచం కింద చోటు కొలిచి, సరుకు డబ్బాలు ఆ సైజువే కొన్నాం. అప్పటిదాకా సీటు దాకా పేర్చుకుంటూ వచ్చిన సరుకంతా కిందికి దిగిపోయింది.

ఆ ఒక్క అంగుళం సంగతేంటి అంటారా? మూలగా పడుకుంటే సరిపోతుంది, మన పైథాగరస్ ఉన్నాడుగా అనుకున్నా. కానీ ఒక పక్కంతా గొలుసులు వేలాడదీసే బోర్డులు నిలబెట్టాలి, మూలగా పడుకునే వెడల్పు లేదు. రెండు రోజులు ఆలోచించాక కనిపించింది, ముందు రెండు సీట్ల మధ్య సందు. అడుగు వెడల్పు ఉంది. ముందు ముక్కకి బందులు పెట్టి, పది అంగుళాల చిన్న పలక తగిలించాం. బండి ఆపాక అది తెరిస్తే ఆ సందులోకి వెళ్లి కూర్చుంటుంది. తలగడ దాని మీద. అంగుళం అడిగితే పది అంగుళాలు వచ్చాయి. మా కార్పెంటర్ తాత, "ఈ పిల్లని ఆ కంప్యూటర్లలో ఎందుకు పడేశావురా" అని నాన్నని అడిగాడు. ఈ సెమిస్టర్ నా సీజీపీఏ చూశాక నాన్న కూడా అదే అడుగుతున్నాడు.

గాలికి చిన్న 12 వోల్టుల ఫ్యాను, ఒక ఎల్ఈడీ బల్బు పెట్టాం. ఫ్యాను గంటకి ఒక ఆంపియర్ అవర్ తీసుకుంటుంది, ఎనిమిది గంటలకి ఎనిమిది. బల్బుకి ఇంకొకటి. మొత్తం తొమ్మిది. మా బ్యాటరీ 35. పొద్దున్నే సెల్ఫ్ కొట్టడానికి సరిపడా మిగులుతుంది, కానీ ఇంజన్ వేయకుండా వరసగా రెండు రాత్రులకి మించి వాడకూడదని లెక్క రాసి డాష్‌బోర్డు మీద అంటించా. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు. కిటికీలకి దోమతెర. ఇంకో రూలు కూడా రాశా. పడుకునేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉండకూడదు, అద్దాలు పూర్తిగా మూయకూడదు. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఓమ్నీలో ఇంజన్ సీట్ల కిందే కదా. నాన్న ఈ రెండోది చదివి ఏమీ అనలేదు, తాళం చొక్కా జేబులో వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

మా పనికి పరీక్ష పెట్టింది మొంథా తుఫాను. అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు ఆ రోజంతా గాలీ వానా. కరెంటు లేదు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి మా ఇంటి రేకుల కోసం మొక్కుకుంటుంటే నేను మనసులో ఓమ్నీ రేకుల కోసం మొక్కుకున్నా. తెల్లారాక వాన తగ్గగానే నాన్నా నేనూ వెళ్లి మ్యాట్ ఎత్తి చూశాం. పొడి. నాన్న వంగి, అరచెయ్యి పెట్టి ఫ్లోరంతా నిమిరాడు. నడుము నొప్పి ఉన్న మనిషి అలా వంగకూడదు, కానీ నేను ఆపలేదు.

లెక్క చెప్తా, మీలో ఎవరికైనా పనికొస్తుంది. టింకరింగ్, వెల్డింగ్ 9,500. టైర్లు రెండు 5,800. బ్రేకులు 2,300. బీడింగ్, సీలెంట్ 1,700. ప్రైమర్, పెయింట్, కోటింగ్ 3,900. ప్లైవుడ్, బందులు, కోత కూలి 3,600. గట్టి ఫోము, రెగ్జిన్ కవరు 2,400. ఫ్యాను, బల్బు, వైర్లు 1,250. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000. మొత్తం 35,450. గ్రీన్ ట్యాక్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నాన్న తన జేబులోంచి కట్టుకున్నాడు. 450 ఎక్కువైంది కాబట్టి బండి పాత ఇనుము కొట్టుకేనా అని అడిగితే, "ఆ 450 షెడ్డు దగ్గర నువ్వు తిన్న మిరపకాయ బజ్జీలవి, బండి ఖాతాలో రాయకు" అన్నాడు.

డిసెంబర్‌లో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు మంచం ఇంట్లోనే ఉంది. లైట్లు, హారన్, బ్రేకులు, చాసిస్ నంబర్ అన్నీ చూశారు. ఫ్లోర్ కింద టార్చి వేసి చూసినాయన, "వెల్డింగ్ ఎవరు చేశారండీ, బాగా చేశాడు" అన్నారు. బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్తే, ఆయన కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మా ఆర్‌సీ 2030 డిసెంబర్ దాకా చెల్లుతుంది.

కోటప్పకొండ తిరనాళ్లకి నేనూ వెళ్లాను. శివరాత్రి రాత్రి అక్కడ ఎవరూ నిద్రపోరు. ఆకాశమంత ఎత్తు ప్రభలు, వాటి మీద లైట్లు, మైకులు, జనం. కొట్లకి అసలు బేరం అప్పుడే. తెల్లవార్లూ నాన్న నిలబడే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, "కాసేపు చూసుకో" అని నాకు గల్లాపెట్టె అప్పగించి వ్యాన్ ఎక్కాడు. పక్క కొట్టాయన నేల మీద గోనెసంచి వేసుకుని ఒరిగాడు. అటు పక్కాయన కుర్చీలోనే తల వాల్చేశాడు.

ఒకావిడ జడగంటలు బేరమాడుతోంది. నేను ధర చెప్తూనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నాన్న పాదాలు రెండూ నిటారుగా, వేళ్లు పైకి పెట్టి కనిపిస్తున్నాయి. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు చెప్తున్నారు. ఫ్యాను తిరుగుతోంది. నాలుగు గంటలు కదల్లేదు మనిషి.

లేచాక మొహం కడుక్కొచ్చి, బేరాలెలా ఉన్నాయని అడిగాడు. చెప్పాను. తర్వాత పక్క కొట్టాయన్ని పిలిచి, "అన్నా, సరుకు మా పాప చూసుకుంటుందిలే, నువ్వెళ్లి ఓ గంట పడుకో" అన్నాడు. ఆయన మొహమాటపడుతూనే చెప్పులు విప్పి ఎక్కాడు. ఆయన ఎత్తు ఆరడుగులు. పలక ఉంది కాబట్టి సరిపోయాడు.

స్పేర్ టైర్ ఇంకా మార్చలేదు. దానికి ఈసారి బడ్జెట్ ఎంతో నాన్న ఇంకా చెప్పలేదు.